నలుగురు విజయరామరాజులు, ఒకే పేరు: నాలెడ్జ్ గ్రాఫ్‌లో పేర్లు విడదీయడానికి ఏ పద్ధతి మీకు సరిపోతుంది?

విజయనగరం కోట గురించి రాసిన ఏ వ్యాసం తీసుకున్నా "విజయరామరాజు" అనే పేరు ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఏ విజయరామరాజు? 1757లో బొబ్బిలి యుద్ధం ముగియగానే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిన పెద విజయరామరాజా? 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన చిన విజయరామరాజా? 1879లో కన్నుమూసిన విజయరామ గజపతిరాజా? లేక 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టిన పి.వి.జి. రాజుగారా? ఆయన పూర్తి పేరు కూడా పూసపాటి విజయరామ గజపతిరాజే. మన ఊరి మనిషి పక్క వాక్యం చదివితే ఎవరో చెప్పేస్తాడు. కంప్యూటర్‌కు ఆ నాలుగు పేర్లూ దాదాపు ఒకే అక్షరాల వరస.

మేం నలుగురం మిత్రులం విజయనగరంలో ఉండి ఉత్తరాంధ్ర చరిత్ర, సంగీతం, ఊళ్లు, గుళ్లకు సంబంధించిన పాత వ్యాసాల నుంచి, సంచికల నుంచి పేర్లు ఏరి ఒక నాలెడ్జ్ గ్రాఫ్ కడుతున్నాం. గ్రాఫ్ అంటే పెద్ద విషయమేమీ కాదు: ప్రతి మనిషికీ, ఊరికీ, సంస్థకూ ఒక బిందువు. వాటి మధ్య "పుట్టిన ఊరు", "తండ్రి", "స్థాపించినవారు" అనే గీతలు. మొదట్లోనే ఒక పెద్ద తప్పు చేశాం. 1850లో పుట్టి 1897లో పోయిన మహారాజా ఆనంద గజపతినీ, మన కాలంలో మంత్రిగా, ఎంపీగా పనిచేసి 2016లో కన్నుమూసిన ఆనంద గజపతిరాజునూ లాంగ్వేజ్ మోడల్ (పాఠం చదివి జవాబు చెప్పే ఏఐ ప్రోగ్రామ్) చెప్పిందని ఒకే బిందువుగా కలిపేశాం. గురజాడ అప్పారావుకు అండగా నిలిచిన రాజుగారే ఎన్నికల్లో గెలిచినట్టు గ్రాఫ్ చూపించింది. తాత పద్దు మనవడి ఖాతాలో పడితే ఒక్క గీత కొట్టి సరిచేయవచ్చు. ఇక్కడ అలా కాలేదు. రెండు బిందువులు కలిసిపోయాక ఏ గీత ఎవరిదో చెప్పే ఆనవాలు మిగల్లేదు. మళ్లీ మూల వ్యాసాలన్నీ తిరగేయాల్సి వచ్చింది.

ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను. తెలుగు వికీపీడియాలో ఈ పనికి చక్కటి మాట ఉంది: అయోమయ నివృత్తి. ఒకే పేరున్న వాటిని విడదీయడం, ఒకే మనిషికున్న వేరు వేరు పేర్లను దగ్గరకు చేర్చడం. లాంగ్వేజ్ మోడల్స్ వచ్చాక దీనికి దారులు పెరిగాయి. దారులు పెరిగేసరికి ఏది పట్టుకోవాలో తెలియక చాలామంది ఆగిపోతున్నారు.

పద్ధతి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

పనిలో మూడు మెట్లున్నాయి. వాక్యంలో పేరు ఎక్కడుందో గుర్తించడం మొదటిది. ఆ పేరుతో గ్రాఫ్‌లో ఎవరెవరు ఉన్నారో వెతికి అభ్యర్థుల జాబితా తీయడం రెండోది. వాళ్లలో ఒకరిని ఎంచుకోవడం మూడోది. "ఏ మోడల్ మంచిది?" అని అడిగేవాళ్లు ఎక్కువగా మూడో మెట్టు గురించే అడుగుతారు. నేను చూసినంతవరకు పని చెడేది రెండో మెట్టు దగ్గరే. అసలు మనిషి జాబితాలో లేకపోతే ఎంత గొప్ప మోడలైనా ఉన్నవాళ్లలో ఒకరిని పట్టుకుని ఇస్తుంది.

ఇక కొలమానాలు. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీకు ఏ తప్పు ఎక్కువ నష్టం? ఇద్దరిని ఒకరిగా కలపడమా, ఒకరిని ఇద్దరిగా వదిలేయడమా? వదిలేసిన బిందువులను రేపు కలపవచ్చు. కలిపినవాటిని విడదీయడం ఎంత కష్టమో పైన చెప్పాను. చరిత్ర, వంశవృక్షం, దానపత్రాల లాంటి పనిలో కలపడమే పెద్ద తప్పు. వార్తల్లో ఒక ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పనికైతే అటో ఇటో పదిచోట్ల తప్పినా కొంప మునగదు.

రెండోది, మీ పేర్లు బయటి ప్రపంచానికి తెలిసినవేనా? గిడుగు రామమూర్తి, గురజాడ వికీడేటాలో (ప్రతి మనిషికీ, ఊరికీ ఒక నంబరు ఇచ్చే ఉచిత సమాచార నిధి, వికీపీడియాకు తోడు) ఉంటారు. మీ ఊళ్లో హరికథలు చెప్పిన పెద్దమనిషి ఉండరు. 2012లో మొదలైన వికీడేటా ఎంత పెరిగినా మన పల్లెల మనుషులు అందులో చాలా తక్కువ. ఇలాంటి పేర్లు ఎక్కువగా ఉంటే "ఇది గ్రాఫ్‌లో లేదు" అని చెప్పగలిగే పద్ధతే మీకు కావాలి.

మూడోది తెలుగు. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లిష్ కోసం చేసిన పనిముట్లు ఇక్కడే తడబడతాయి. విజయనగరంలో, విజయనగరానికి, విజయనగరపు: పేరు తోక మార్చుకుంటూ పోతుంది. వేంకట, వెంకట అని రెండు రకాలుగా రాస్తాం. కంటికి ఒకేలా కనబడే రెండు మాటల్లో ఒకదాని లోపల కనబడని విడదీత గుర్తు ఉండవచ్చు, కంప్యూటర్‌కు అవి వేరే మాటలు. వీటన్నిటికంటే చిక్కైనది మన వాక్యం తీరు. "సింహాచలం వెళ్లాడు." ఉత్తరాంధ్రలో సింహాచలం కొండ పేరూ, మనిషి పేరూ. కర్తను వదిలేస్తాం, ఊరి పేరుకు "కి" చేర్చం. కాబట్టి సింహాచలం అనే మనిషి వెళ్లాడా, ఎవరో సింహాచలానికి వెళ్లారా అన్నది ఆ వాక్యంలో లేదు. "సింహాచలం వెళ్లాం" అంటే మాత్రం క్రియే చెప్పేస్తుంది, అది కొండ. ముఖలింగం కూడా ఇంతే. ఈ తేడా పట్టుకోవాలంటే వాక్యాన్ని చదవగలిగే పద్ధతే కావాలి.

నాలుగోది కాలం. పార్వతీపురం ఏ జిల్లా? 1950 వరకు విశాఖపట్నం జిల్లా. ఆ ఏడాది ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులో భాగం. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే అటు వెళ్లింది. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే పార్వతీపురం మన్యం జిల్లా కేంద్రం. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లా మారుతూ వచ్చింది. రాజాం అదే రోజున శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి ఊరు వీరఘట్టం పాత పుస్తకాల్లో శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మన్యం జిల్లా. జిల్లా పేరు కలవలేదని రెండు వీరఘట్టాలు సృష్టించే పద్ధతి మనకు పనికిరాదు. గ్రాఫ్‌లో "జిల్లా" అనే గీతకు ఎప్పటినుంచి, ఎప్పటివరకు అనే తేదీలు తప్పకుండా పెట్టండి.

ఆ తర్వాత డబ్బు, గోప్యత. వాటి మాట పద్ధతుల దగ్గర చెబుతాను.

మారుపేర్ల పట్టిక, నియమాలు

లాంగ్వేజ్ మోడల్ లేని దారి ఇది. దీన్ని చిన్నచూపు చూడొద్దు. ఒక ఎక్సెల్ షీటులో ఎడమవైపు ప్రామాణిక పేరు, కుడివైపు మారుపేర్లు. శ్రీకాకుళానికి చికాకోల్, సికాకోలు. నాగావళికి లాంగుల్య. కోడి రామమూర్తికి కలియుగ భీముడు. మండలాలు, నదులు, గుళ్లు, స్టేషన్లు లాంటి, ఇన్నే ఉన్నాయని ముందే తెలిసిన జాబితాలకు ఇంతకు మించిన పద్ధతి లేదు. ఖర్చు లేదు, ఎందుకలా తేల్చిందో అడిగితే వేలు పెట్టి చూపించవచ్చు.

దీని మీద అక్షరాల దూరం లెక్క కూడా చేరుస్తారు. అంటే ఒక మాటను రెండో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు మార్చాలి అని. ఇక్కడ జాగ్రత్త. "పెద విజయరామరాజు", "చిన విజయరామరాజు" మధ్య దూరం చాలా తక్కువ, మనుషులు మాత్రం ఇద్దరు, మధ్యలో దాదాపు నలభై ఏళ్లు. "సికాకోలు", "శ్రీకాకుళం" మధ్య దూరం చాలా ఎక్కువ, ఊరు ఒక్కటే. అచ్చుతప్పులు పట్టుకోవడానికి ఆ లెక్క వాడండి. మనుషులను కలపడానికి వద్దు.

ఓపెన్‌రిఫైన్‌తో వికీడేటాకు జతచేయడం

ప్రోగ్రామింగ్ రానివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఉచితం, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. 2010లో వేరే పేరుతో మొదలై, కొన్నాళ్లు గూగుల్ చేతిలో ఉండి, తర్వాత స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వచ్చింది. మీ పట్టికలో పేర్ల వరసను వికీడేటాతో పోల్చి ప్రతి పేరుకూ కొన్ని అభ్యర్థులను చూపిస్తుంది, నొక్కి ఎంచుకోవడం మీ పని. ఇది మనిషి, ఇది ఊరు, ఇది నది అని ముందే రకం కట్టవచ్చు కాబట్టి నాగావళి నది, నాగావళి ఎక్స్‌ప్రెస్ కలిసిపోవు.

దీని బలహీనత ఒకటే, కానీ పెద్దది. అది వాక్యాన్ని చదవదు. పేరు, పక్క గడుల్లో మీరిచ్చిన పుట్టిన తేదీ, ఊరు లాంటివే చూస్తుంది. పట్టికగా ఉన్న సమాచారానికి చాలా బాగుంటుంది, పేరాల్లో ఉన్న సమాచారానికి చాలదు.

చిన్న మోడల్స్: మాటను అంకెల వరసగా మార్చేవి

మ్యూరిల్, లాబ్సే, ఎక్స్‌ఎల్‌ఎం-ఆర్ ఈ కోవలోవి. మూడింటికీ తెలుగు వచ్చు. మ్యూరిల్ 16 భారతీయ భాషలతో పాటు ఇంగ్లిష్ మీద తయారైంది, ఇంగ్లిష్ లిపిలో రాసిన మన భాషల పాఠం కూడా అది చదువుకుంది. లాబ్సే 109 భాషల వాక్యాలను ఒకే కొలతలోకి తెస్తుంది. తెలుగు వాక్యం ఒకవైపు, గ్రాఫ్‌లోని ఇంగ్లిష్ వివరణ ఒకవైపు ఉన్నా దగ్గరివాటిని పట్టగలదు. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. సమాచారం మీ గది దాటి బయటకు పోదు.

అభ్యర్థుల జాబితా తీయడానికి ఇవి నాకు ఎంతో నచ్చాయి. "గజపతుల కొలువులో హరికథలు చెప్పిన దాసుగారు" అని ఎవరో రాస్తే, పేరు పూర్తిగా లేకపోయినా ఆదిభట్ల నారాయణదాసును జాబితాలోకి తేగలవు. పట్టికకు అది చేతకాదు.

అయితే చివరి ఎంపిక వీటికి వదిలేయకండి. నలుగురు విజయరామరాజుల వివరణలూ "పూసపాటి వంశీయుడు, విజయనగరం" అనే మొదలవుతాయి. అంకెల్లోకి మారాక నాలుగూ పక్కపక్కనే కూర్చుంటాయి. 1757కూ 1794కూ తేడా మనకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఈ లెక్కల్లో అది పలచబడిపోతుంది. మీ సొంత ఉదాహరణలతో మళ్లీ శిక్షణ ఇస్తే మెరుగుపడతాయి. ఆ ఉదాహరణలు చేత్తో తయారుచేసే ఓపిక ఉండాలి.

వాక్యంలో పేర్లు గుర్తించే మొదటి మెట్టుకు ఏఐ4భారత్ వారి ఇండిక్‌నెర్ ఉంది, 11 భారతీయ భాషలకు పనిచేస్తుంది, అందులో తెలుగు ఒకటి. మనిషి, స్థలం, సంస్థ అని మూడు రకాలే చెబుతుంది. ఊరూ నదీ గుడీ వేరు చేయాలంటే ఆ తర్వాత ఇంకో అడుగు వేయాలి.

వికీపీడియా శీర్షికనే అక్షరాలు పేర్చుకుంటూ జవాబుగా చెప్పే మోడల్స్ కూడా ఉన్నాయి. 2021లో వచ్చిన ఎమ్‌జెన్‌ర్ వందకు పైగా భాషలకు ఆ పని చేస్తుంది. వికీపీడియాలో ఉన్న పేర్లకే పనికొస్తుంది కాబట్టి స్థానిక చరిత్రకు నేను సిఫారసు చేయను.

పెద్ద మోడల్‌ను నేరుగా అడగడం

చాట్ పెట్టె తెరిచి "ఈ వాక్యంలో విజయనగరం ఏది? వికీడేటా నంబరు చెప్పు" అని అడగడం చాలా సులువు. దయచేసి ఈ దారిలో గ్రాఫ్ కట్టకండి. కారణాలు రెండు.

ఒకటి, నంబర్లు. మోడల్ వాక్యాన్ని సరిగ్గా అర్థం చేసుకుని కూడా నంబరు తప్పు చెప్పవచ్చు. ఆ నంబర్లలో చాలావరకు దానికి కంఠతా ఉన్నవి కావు, అలా కనబడేవి పేర్చి ఇస్తుంది. తప్పు నంబరు కూడా చాలాసార్లు నిజంగా ఎక్కడో ఒక వస్తువుకు చెందినదై ఉంటుంది కాబట్టి గ్రాఫ్ ఏ అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది.

రెండోది మన ప్రాంతానికి నేరుగా తగిలే దెబ్బ. పెద్ద పేరు చిన్న పేరును మింగేస్తుంది. ఇంగ్లిష్‌లో మన విజయనగరానికి, హంపి విజయనగరానికి స్పెల్లింగులు వేరు. తెలుగులో రెండూ విజయనగరమే. పైగా 2021లో కర్ణాటకలో విజయనగర జిల్లా కూడా ఏర్పడింది. "విజయనగర రాజుల ఆస్థానంలో సంగీతం" అనగానే మోడల్ తుంగభద్ర వైపు పరుగెడుతుంది, ఎందుకంటే అది చదివిన పుస్తకాల్లో ఆ విజయనగరం గురించే ఎక్కువ ఉంది. ఒక్కోసారి అది తలకిందులవుతుంది కూడా. "శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణు ఆలయం" అంటే నాగావళి ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం గ్రామం. అక్కడ మన జిల్లా కేంద్రమే పెద్ద పేరు కాబట్టి ఆ గుడిని తెచ్చి మన ఊళ్లో పెడుతుంది. ఎవరి గుడి వాళ్లకు ఉండాలి కదా.

జాబితా ఇచ్చి పెద్ద మోడల్‌తో ఎంపిక చేయించడం

మేం చివరికి స్థిరపడింది ఇక్కడే. పట్టిక, చిన్న మోడల్ కలిసి నలుగురైదుగురు అభ్యర్థులను తీస్తాయి. పెద్ద మోడల్ వాక్యం చదివి వాళ్లలో ఒకరిని చూపిస్తుంది. నంబరు దాని నోట రాదు, అక్షరం మాత్రమే వస్తుంది. నంబరు మన ప్రోగ్రామ్ తగిలిస్తుంది. అడిగే తీరు ఇలా:

> వాక్యం: "విజయరామరాజుగారు పద్మనాభం దగ్గర కుంపిణీ సేనలతో పోరాడి నేలకొరిగారు."
> అ. పెద విజయరామరాజు: బొబ్బిలి యుద్ధ కాలం, మరణం 1757
> ఆ. చిన విజయరామరాజు: మరణం 1794
> ఇ. విజయరామ గజపతిరాజు: 1826–1879
> ఈ. పి.వి.జి. రాజు: 1924–1995
> ఉ. వీరెవరూ కారు
> ఊ. తేల్చడానికి ఈ వాక్యంలో ఆధారం చాలదు
> ఒక అక్షరం రాయి. దానికి ఆధారమైన మాటలను వాక్యంలో ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయి.

"ఉ", "ఊ" రెండూ వేరు వేరుగా ఎందుకు పెట్టామో చెప్పాలి. "వీరెవరూ కారు" అంటే ఇది గ్రాఫ్‌లో లేని కొత్త మనిషి, కొత్త బిందువు పెట్టాలి. "ఆధారం చాలదు" అంటే ఉన్నవాళ్లలో ఒకరై ఉండవచ్చు, ఎవరో ఈ వాక్యం చెప్పదు. ఉదాహరణకు "గిడుగువారు సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకున్నారు." రామమూర్తి, ఆయన కొడుకు సీతాపతి ఇద్దరూ సవరల భాష మీద పనిచేసినవారే. ఇద్దరూ గిడుగువారే, ఇంగ్లిష్ వ్యాసాల్లో ఇద్దరి ఇనిషియల్సూ జి.వి. అనే ఉంటాయి. మొదట్లో మేం ఒకే ఒక "తెలియదు" పెట్టాం. కొత్త మనుషులూ, తేలని మనుషులూ ఒకే కుప్పలో పడ్డారు. ఆ కుప్పను మళ్లీ చేత్తో ఏరాల్సి వచ్చింది.

ఆధారమైన మాటలు ఎత్తి రాయమనడం కూడా ఊరికే కాదు. ఆ మాటలు నిజంగా వాక్యంలో ఉన్నాయో లేదో ప్రోగ్రామే చూడగలదు. లేవంటే మోడల్ కల్పించింది, ఆ జవాబు మనిషి దగ్గరకు వెళ్లాలి. అభ్యర్థుల వరస మార్చి రెండోసారి అడగండి. మొదట ఉన్నవాడినే ఎంచే అలవాటు కొన్ని మోడల్స్‌కు ఉంది. వరస మారితే జవాబు మారిందంటే అదీ మనిషి దగ్గరకే.

అభ్యర్థుల పక్కన తేదీలు రాయడం అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు. విజయానంద గజపతిరాజు పేరులో విజయ ఉంది, ఆనంద ఉంది, ఎటు చూసినా పొరపాటుకు చోటే. పక్కన "1905–1965, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్" అని ఒక్క ముక్క రాసిపెడితే, విజ్జీ అనే ముద్దుపేరున్న ఈయన మరెవరితోనూ కలవరు.

ఖర్చు సంగతి. ఒకే విషయానికి ఇంగ్లిష్ కంటే తెలుగు ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని కోసుకునే ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) తింటుంది, కొత్త మోడల్స్‌లో ఈ తేడా తగ్గుతూ వస్తోంది. రెండుసార్లు అడగడం అంటే రెండింతల ఖర్చు. అందుకే పట్టికలో ఒక్క అభ్యర్థే దొరికి, రకమూ కాలమూ కలిసే పేర్లను పెద్ద మోడల్ దాకా పంపకండి. గొడవ ఉన్నవే పంపండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | వాక్యం చదువుతుందా | గ్రాఫ్‌లో లేని పేరు వస్తే | శ్రమ, ఖర్చు | బాగా కుదిరే పని |
|---|---|---|---|---|
| మారుపేర్ల పట్టిక | లేదు | దొరకలేదని చెబుతుంది | మొదట శ్రమ, తర్వాత ఉచితం | మండలాలు, నదులు, సంస్థలు |
| ఓపెన్‌రిఫైన్ | లేదు, పక్క గడులు చూస్తుంది | మనిషి నిర్ణయిస్తాడు | ఉచితం, మనిషి సమయం | గ్రంథాలయ, మ్యూజియం పట్టికలు |
| చిన్న మోడల్స్ | కొంతవరకు | దగ్గరివారిని చూపిస్తాయి | ల్యాప్‌టాప్ చాలు, శిక్షణ శ్రమ | అభ్యర్థుల జాబితా తీయడం |
| పెద్ద మోడల్, నేరుగా | బాగా | పేరున్నవారికి అంటగడుతుంది | తక్కువ శ్రమ, పెద్ద ప్రమాదం | ఆలోచనలు, మారుపేర్లు సేకరించడం |
| జాబితా, పెద్ద మోడల్ | బాగా | అడిగితే చెబుతుంది | ఎక్కువ అమరిక, పేరుకింత ఖర్చు | పేరాల్లోని మనుషుల పేర్లు |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకు: మొత్తం ఉత్తరాంధ్రను తలకెత్తుకోకండి. ఒక్క "గురజాడ" తీసుకోండి. కవి ఉన్నారు, కృష్ణా జిల్లాలో ఆ పేరుతో ఊరుంది, ఇంటిపేరు ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి పది పేర్లు చాలు. పట్టిక, లాబ్సే, జాబితాతో పెద్ద మోడల్, మూడూ చేసి పోల్చండి. ఎక్కడ ఏది ఎందుకు తప్పిందో రాసిన రిపోర్టుకు మార్కులూ వస్తాయి, మీకు చదువూ వస్తుంది.

గ్రంథాలయంలో, మ్యూజియంలో, సంగీత కళాశాల రికార్డుల దగ్గర పనిచేసేవారికి: ఓపెన్‌రిఫైన్‌తో మొదలుపెట్టండి. మీ చేతిలో పట్టికలున్నాయి, పేర్లు తెలిసిన మనుషులున్నారు. మోడల్ అవసరం మీకు చాలా తర్వాత వస్తుంది, అసలు రాకపోవచ్చు కూడా.

స్థానిక చరిత్ర రాసేవారికి, పాత పత్రికల నుంచి సమాచారం తీసేవారికి: జాబితాతో పెద్ద మోడల్. వాక్యం చదవకుండా మీ పని జరగదు. కానీ కలపడం మాత్రం తేలిగ్గా చేయొద్దు. రెండు బిందువులను ఒకటి చేసే బదులు, వాటి మధ్య "ఇద్దరూ ఒకరే" అనే గీత గీయండి. ఆ గీత మీద ఎవరు తేల్చారు, ఏ తేదీన, ఏ వాక్యం ఆధారంగా అన్నది రాయండి. రేపు తప్పని తేలితే గీత చెరిపేస్తే సరిపోతుంది. మేం ఆనంద గజపతుల విషయంలో ఇలా చేసి ఉంటే ఒక్క నిమిషంలో పోయేది.

బతికున్న మామూలు మనుషుల వివరాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు నా మాట గట్టిగా చెబుతాను. లబ్ధిదారుల జాబితాలు, ఆస్పత్రి నమోదులు, బడి రిజిస్టర్లు ఏపీఐ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా, బయటి కంపెనీ మోడల్‌కు పంపకండి. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, అది లేకపోయినా ఆ మనుషులు మనల్ని నమ్మి వివరాలు ఇచ్చారు. గెమ్మా, లామా లాంటి ఓపెన్ మోడల్స్‌ను మీ కంప్యూటర్‌లోనే నడపవచ్చు. ఒక మండలంలోనే అప్పలనాయుళ్లు, పైడిరాజులు, సూర్యనారాయణలు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. పైడితల్లమ్మ పేరు, అరసవల్లి సూర్యదేవుడి పేరు ప్రతి వీధిలో ఉంటుంది. పేరూ తండ్రి పేరూ కలిసినంత మాత్రాన ఇద్దరినీ ఒకరని మోడల్‌తో తేల్పించి ఒకరి పింఛను ఆపేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక్కడ ఏ మోడలూ ఆఖరి మాట చెప్పకూడదు. సందేహం ఉన్న జతలను ముందుకు తెచ్చి పెట్టడం వరకే దాని పని, ఇంటికి వెళ్లి అడిగి తేల్చేది మనిషే.

పరీక్ష పెట్టకుండా ఏదీ నమ్మకండి

మీ పాఠాల నుంచే రెండు వందల వాక్యాలు తీసి, మోడల్‌కు చూపించకముందే సరైన జవాబులు చేత్తో రాసుకోండి. ఇద్దరు విడివిడిగా రాస్తే మరీ మంచిది. వాళ్లిద్దరికీ కుదరని వాక్యాలు ఏవో ముందే తెలుస్తాయి. వాటిలో పేరున్నవారు సగం, ఊరూ పేరూ బయటకు తెలియనివారు సగం ఉండేలా చూడండి. అందరూ గురజాడలు, గిడుగులే ఉంటే ఏ మోడలైనా తొంభై దాటుతుంది, మీరు మురిసిపోతారు, అసలు పనిలో దెబ్బ తింటారు. మార్కులు ఒకే అంకెగా వేయకండి. తప్పుగా కలిపినవి ఎన్ని, కలపాల్సి ఉండీ వదిలేసినవి ఎన్ని, తెలియదని ఒప్పుకున్నవి ఎన్ని, మూడూ వేరుగా రాసుకోండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అవే వాక్యాలు మళ్లీ పెట్టండి. పేరు అదే ఉంచి లోపల మోడల్‌ను మార్చేయడం కంపెనీలకు మామూలే.

మా రెండు వందల్లో ఒక వాక్యం ఉంది: "ఈ చెరువును విజయరామరాజుగారి హయాంలో తవ్వించారు." ముందూ వెనుకా తేదీ లేదు. ఆ ఊరి పెద్దలను అడిగాం, రాజుగారు తవ్వించారని తెలుసు గానీ ఏ రాజుగారో వాళ్లకూ తెలియదు. దానికి సరైన జవాబు "ఊ". ఏ మోడలైనా అక్కడ ధీమాగా అ, ఆ, ఇ, ఈలలో ఒకటి చెప్పి, లేని ఆధారం ఎత్తి రాస్తే, మిగతా వాక్యాల్లో దానికి ఎన్ని మార్కులు వచ్చినా మేం దాన్ని పక్కన పెట్టేస్తున్నాం.